చంద్రగిరిలో యెన్ పడిన వారం

చంద్రగిరి బజారులో కుట్టుమిషన్లు బాగుచేసే నాయబ్ రసూల్‌కు ఒకటే జబ్బు. ఎవరైనా ఏదైనా కొన్నామన్నా, కొనబోతున్నామన్నా, కొన్నట్టు కల వచ్చిందన్నా, ఆయన నోట్లోంచి ముందు వచ్చే మాట: "ఎవురి లెక్కలో?"

మా వైపు లెక్కంటే డబ్బే. డాలర్లలో కొన్నావా, యూరోల్లో కొన్నావా, రూపాయల్లో కొన్నావా అని ఆయన అడగడం. విదేశాల నుంచి ఆన్‌లైన్లో సరుకు తెప్పించుకునేవాళ్లను అడిగితే అందులో అర్థముంది. రసూల్ వంకాయలు తెచ్చుకునేవాళ్లను కూడా అడిగేవాడు. ఒకసారి ఎదురింటి సుబ్బులమ్మ సంచి నిండా వంకాయలతో పోతూ దొరికిపోయింది.

"కిలో ఎంతమ్మా?"

"నలభై."

"ఎవురి లెక్కలో?"

"అమ్మినామె లెక్కలో! ఇంకెవురి లెక్కలో ఇస్తారయ్యా వంకాయలకు?" అని ఆమె కొంగు విసురుగా దోపుకుని పోయింది.

రసూల్ మురిసిపోయాడు. "విన్నావా అప్పా! అమ్మేవోళ్ల లెక్కలోనే కట్టాల. ఈ ముక్క చదువుకున్నోళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు. సుబ్బులమ్మకు ఎవురూ చెప్పకుండానే ఎక్కింది."

ఈ మాటలన్నీ విని తీరవలసినవాడు వెంకటముని. పక్క అంగట్లో దేవుడి పటాలకు ఫ్రేములు కడతాడు. రెండు అంగళ్లకూ నడుమ ఒకటే గోడ. గోడలకు చెవులుంటాయంటారు గానీ, నిజంగా ఉండి ఉంటే ఆ గోడ ఎప్పుడో చెవుల్లో దూది పెట్టుకునేది. వెంకటమునికి ఆ వీలు కూడా లేదు, గిరాకీ పిలిస్తే వినబడాలి కదా.

రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు రసూల్ షట్టరు లేపి, కండ్లద్దాలు తుడుచుకుని, ఫోనులోకి చూసి, గోడవతలికి కేకేసేవాడు.

"మునీ! డాలరు లేసి కూర్చోనుండాది. యూరోకు రవంత నలత. పౌండు కదల్లా."

ఆస్పత్రిలో ఉన్న చుట్టాల సంగతి చెప్పినట్టే ఉండేది.

"పౌండుకు గంజి పోసినారా?" అనేవాడు వెంకటముని గాజు కోస్తూ.

"నవ్వు, నవ్వు. ఒకనాడు నువ్వూ ఫారిన్ నుంచి ఏదో ఒకటి తెప్పిస్తావు. ఆ పొద్దు ఏడుస్తావు."

"నాకు ఫారిన్ నుంచి ఏం రావాల భాయ్? నేను పటం కట్టే స్వామి ఈ కొండమీదే ఉండాడు కదా."

ఈ జబ్బు రసూల్‌కు పుట్టుకతో వచ్చింది కాదు. ఆరేండ్ల కిందట తగిలింది. ఒక టైలరు తాతలనాటి జర్మనీ మిషను తెచ్చాడు. దాని లోపలి ముక్కొకటి అరిగిపోయింది. చెన్నైలో లేదు, బెంగళూరులో లేదు, వెతగ్గా వెతగ్గా జర్మనీలో ఒక అంగడివాడి దగ్గర ఆన్‌లైన్లో దొరికింది. అంతా బాగానే జరిగింది. డబ్బు కట్టే చోట రెండు గుండీలు కనబడ్డాయి. యూరోల్లో కడతావా? రూపాయల్లో కడతావా?

"ఆ తెల్లోళ్ల సైట్లో మన రూపాయి గుర్తు కనబడేసరికి నాకు ప్రాణం లేచొచ్చినాదప్పా," అని చెబుతాడు రసూల్ ఇప్పటికీ. "పరదేశంలో మన ఊరోడు ఎదురైనట్టు అనిపించినాది. అదే నొక్కినా."

మరునాడు లెక్క చూసుకుంటే సంగతి బయటపడింది. యూరోను రూపాయల్లోకి మార్చే పని ఆ సైటువాడే చేశాడు, తన ఇష్టమొచ్చిన రేటుకు. యూరోల్లోనే కట్టి, మార్చే పని తన బ్యాంకుకు వదిలేసి ఉంటే నాలుగువందల పన్నెండు రూపాయలు మిగిలేవి.

"మనోడి వేషం ఏసుకోని మన జేబే కొట్టినాడు!" అని ఆ రోజంతా అంగట్లో అటూ ఇటూ తిరిగాడు. "బ్యాంకోడు తినడా అంటావు. తింటాడు. వాడు చేత్తో రవంత తీసుకుంటాడు. ఈ సైటోడు విస్తరేసుకోని కూర్చుంటాడు!"

ఆ తరవాత, బ్యాంకువాడు తీసుకునే ఆ రవంత కూడా తీసుకోని కార్డు ఎక్కడుందా అని తిరుపతిలో నాలుగు బ్యాంకులు తిరిగాడు. మూడో బ్యాంకు మేనేజరు కుర్చీలోంచి లేచి, "అయ్యా, మీరు అడిగే ప్రశ్నలకు మా హెడ్డాఫీసులో కూడా జవాబు లేదు, నాలుగో బ్యాంకుకు పొండి," అని దండం పెట్టాడట. నాలుగో బ్యాంకులో దొరికింది. ఆ కార్డును రసూల్ ముఖమల్ సంచీలో పెట్టి, బాబిన్ల డబ్బాలో దాచి, డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసేవాడు.

ఇక ఆ పోయిన నాలుగువందల పన్నెండు ఉందే, అది ఊరికే ఉండలేదు. మూడో ఏడు చెప్పినప్పుడు ఆరువందలైంది. కరోనా తరవాత పన్నెండువందలైంది. ఈ మధ్య ఒక పెండ్లిలో బిరియాని తింటూ పక్కవాడికి మూడువేలని చెప్పడం వెంకటముని చెవులారా విన్నాడు. పోయిన డబ్బు పెరిగినట్టు బ్యాంకులో వేసిన డబ్బు పెరగదని ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఊరికంతా ఆయన రేటు రసూల్. పిల్లలు సెల్ఫోను కవరు తెప్పించుకోవాలన్నా, చర్చిలో కీబోర్డు వాయించే జోయల్ దానికేదో ముక్క తెప్పించుకోవాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. కావలసిన డబ్బు చేతికిచ్చి, కొనిపెట్టమనేవాళ్లు. ఆయన కూర్చోబెట్టి ముందు గంటసేపు పాఠం చెప్పేవాడు. కొంతమంది ఆ పాఠానికి భయపడి సెల్ఫోనుకు కవరే వేసుకోలేదు.

ఒక రోజు రసూల్, వెంకటముని కలిసి కోట చూడ్డానికి వచ్చేవాళ్లకు కొయ్యబొమ్మలమ్మే మునస్వామి అంగడికి పోయారు. వెంకటముని రెండు పటాలు అప్పజెప్పాలి. రసూల్ ఊరికే తోడు. అక్కడ ఫ్రాన్సు నుంచి వచ్చిన మొగుడూ పెండ్లామూ ఒక కొయ్య ఏనుగును బేరమాడుతున్నారు. కార్డు మిషను వాళ్లను అడిగింది, యూరోల్లోనా, రూపాయల్లోనా అని. ఆ దొరసాని వేలు యూరోల మీదికి పోతోంది.

"నో మేడం! నో యూరో!" రసూల్ ఒక్క గంతులో అక్కడున్నాడు. "రూపీ! ప్రెస్ రూపీ!"

దొరసాని ఏనుగును గుండెకు హత్తుకుని వెనక్కి జరిగింది. దొర తన సంచీని ముందుకు లాక్కున్నాడు.

వెంకటమునికి తల తిరిగింది. "ఏంది భాయ్ నువ్వు? ఆరేండ్లుగా రూపాయి దొంగ, రూపాయి నొక్కొద్దు అంటివి. ఈ పొద్దు అది దొరైపోయిందా?"

"అమ్మేదెవురు?"

"మునస్వామి."

"మునస్వామి లెక్క ఏంది?"

"రూపాయి."

"మరి అమ్మేవోడి లెక్కలోనే కదా కట్టాల! ఆ పొద్దు అమ్మినోడు జర్మనీవోడు గనక యూరో. ఈ పొద్దు మునస్వామి గనక రూపాయి. మాట ఒకటే అప్పా, మనుషులే మారినారు."

దొరసాని ఫోను తీసి లెక్క కట్టింది. చూసింది. మళ్లీ కట్టింది. నవ్వుతూ వచ్చి రసూల్ చేయి పట్టుకుని ఊపింది. వాళ్లకు మిగిలిన దానితో రెండు కాఫీలు తాగొచ్చట. సంతోషం పట్టలేక సంచీలోంచి ఒక చాక్లెట్టు తీసి ఆయన చేతిలో పెట్టింది.

రసూల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మేడం, దిస్ యూ బాట్... విచ్ మనీ?"

వెంకటముని ఆయన రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఈ జబ్బు ఇంట్లో కూడా పాకింది. ఆయన భార్య రంజాన్‌బీ టీవీలో ఏదో టర్కీ సీరియల్లో నడుము సన్నంగా ఉండే టీ గ్లాసులు చూసి ముచ్చటపడింది. ఆరంటే ఆరు గ్లాసులు. టర్కీలో అమ్మేవాడు దొరికాడు, వాళ్ల లీరాల్లో ధరా దొరికింది, బీరువా తెరిచి డబ్బా, డబ్బా తెరిచి సంచీ, సంచీ తెరిచి కార్డు తీశాడు రసూల్. తీసి ఆగాడు.

"లీరా పడతా ఉండాది. రేపటికి ఇంకా అగ్గవగా, తక్కువకే వస్తాయి."

నిజమే, మరునాడు ఇంకా పడింది. ఆ మరునాడు ఇంకా. లీరాకు పడ్డమే గానీ లేవడం తెలిసినట్టు లేదు. పడేదాన్ని ఈ పొద్దు కొంటే, రేపు కొనుంటే ఇంకా మిగిలేదే అనే బాధ ఉంటుంది కదా. ఆ బాధకు భయపడి మూడేండ్లు ఆగాడు. ఈలోగా ఆ అమ్మేవాడు, వాడి కడుపూ నిండాలి గనక, గ్లాసుల ధర మూడింతలు చేశాడు.

"క్యాజీ, వింటుండావా, ఆ గ్లాసులు నేను బతికుండగా వస్తాయా?" అని అడిగింది రంజాన్‌బీ.

"నీ కోసమే కదా ఆగుతా ఉండా!"

"నా కోసం ఎవురూ ఆగబళ్లేదు. నేను స్టీలు గ్లాసులో తాగేస్తా ఉండా."

ఇటువంటి మనిషి దగ్గరికి, పోయిన ఆషాఢంలో ఒక శుక్రవారం పొద్దున, ఐరాల నుంచి కుప్పమ్మ వచ్చింది.

కుప్పమ్మ రవికల మీద ఎంబ్రాయిడరీ చేస్తుంది. సెకండ్ హ్యాండులో కొన్న జపాన్ మిషనొకటి ఆమెకు జీవనాధారం. దాని బోర్డును పసిబిడ్డను చుట్టినట్టు తువ్వాల్లో చుట్టి తెచ్చింది. కరెంటు ఎక్కువై కాలిపోయింది.

"అన్నా, మిషను మాట్లాడ్డంలేదు. రాత్రి నుంచి మూగదైపోయినాది. నువ్వే సూడాల."

రసూల్ చూశాడు. బోర్డు ఇక పనికిరాదు. అంత పాత మోడలు బోర్డు ఇండియాలో ఎక్కడా లేదు. పన్నెండు సైట్లు తిరిగితే జపాన్‌లో, ఒసాకాలో పాత సామాన్లమ్మేవాడి దగ్గర ఒకే ఒక్కటి కనబడింది. పంపే ఖర్చుతో కలిపి ముప్పైవేల యెన్లు.

"మన లెక్కలో ఎంతన్నా?"

"నూరు యెన్లు యాభయ్యెనిమిది రూపాయలమ్మా ఈ పొద్దు. పదిహేడువేల నాలుగువందలు."

కుప్పమ్మ చేతిలోని రుమాలు మూటను ఒకసారి నొక్కి చూసుకుంది. "పద్నాలుగున్నర ఉండాదన్నా," అంది మెల్లిగా. "శ్రావణంలో పెండ్లిళ్లకు నలభైరెండు రవికలు ఒప్పుకోనుండా. గుడ్డలన్నీ ఇంట్లోనే ఉండాయి."

గోడవతల వెంకటముని గాజు కోయడం ఆపేశాడు. మిగిలింది తరవాత ఇద్దువులే అని రసూల్ అంటాడేమోనని చూశాడు. కానీ కుప్పమ్మ సంగతి ఇద్దరికీ తెలుసు. ఒకసారి చిన్నపని చేసి డబ్బొద్దన్నందుకు, ఆమె యాభై రూపాయల నోటు స్టూలు మీద పెట్టి పోయింది. రసూల్ బస్సు దాకా పరుగెత్తి నోటు చేతికిస్తే, బస్సు కదిలాక కిటికీలోంచి మళ్లీ విసిరేసింది. అప్పు మాట ఎత్తితే ఆమె ఇక ఆ అంగడి మెట్టు తొక్కదు.

రసూల్ గడ్డం గోక్కున్నాడు. ఫోనులోకి చాలాసేపు చూశాడు.

"అమ్మా, ఈ పొద్దు కొంటే నష్టం. యెన్ మంచి కాకమీద ఉండాది. ఎనిమిది దినాలు ఆగు. దిగుతుంది."

"నిజంగా దిగుతుందా అన్నా?"

"రేటు విషయంలో రసూల్ నోట అబద్ధం ఎప్పుడన్నా విన్నావా?"

కుప్పమ్మ నమ్మింది. "నా లెక్కకు దిగినాక ఫోన్ సెయ్యన్నా," అని చెప్పి బస్సెక్కింది.

ఆమె అటు పోగానే వెంకటముని ఇటు వచ్చాడు. "నీకు బుద్ధుందా భాయ్? ఆమె నెత్తిన నలభైరెండు రవికలు కూర్చోనుంటే, నువ్వు రేటు కోసం ఆగమంటావా?"

"పడుతుందప్పా."

"ఉండేది ఒక్క పీసు! ఈలోగా ఎవుడన్నా ఎగరేసుకోని పోతే?"

"పోదు."

"నీకెట్ల తెలుసు?"

"తెలుసు," అని రసూల్ షట్టరు సగం దించి, జుమ్మా నమాజుకు టైమవుతోందని లోపలికి పోయాడు.

మరునాటి నుంచి పొద్దున తొమ్మిదిన్నరకు డాలరూ పౌండూ మూలపడ్డాయి. ఎంతసేపూ యెన్నే. రసూల్ ఐరాలకు ఫోను చేసేవాడు. ఫోను పాతదయ్యేసరికి స్పీకరులో పెడితే తప్ప వినబడదు, కాబట్టి బజారంతా వినేది.

"అమ్మా కుప్పమ్మా, యాభయ్యేడు!"

ఇంకో రోజు, "యాభైనాలుగు!"

"ఎందుకు పడినాదన్నా?"

"ఆడేదో పండగంటమ్మా. జపానోళ్లు ఖర్చు పెట్టేస్తా ఉండారు."

ఆ తరవాత, "యాభైరెండు! ఆడ తుపానంట."

"తుపానుకు కూడా పడతాదా అన్నా?"

"తడిస్తే పడదా అమ్మా!"

వెంకటమునికి ఒళ్లు మండిపోయింది. రోజూ ఇద్దరూ ఒక టీని బై టూ చేసుకుని తాగడం అలవాటు. ఆ వారం ఆయన తనకొక్కడికే ఫుల్ టీ చెప్పుకుని, గోడ వైపు వీపు తిప్పి తాగాడు. సగానికే కడుపు నిండిపోయి, మిగతా సగం పారబోయలేక, తాగలేక, గ్లాసు పట్టుకుని పదినిమిషాలు నిలబడేవాడు. అయినా రసూల్ వైపు చూడలేదు. వంద యెన్లకు రెండు రూపాయల కోసం ఒక ఆడమనిషి జీవనాన్ని తూకం వేస్తున్నవాడితో టీ ఏందని ఆయన బాధ.

శుక్రవారం గడిచి శనివారం వచ్చింది. రెండో శనివారం గనక తిరుపతిలో డిగ్రీ చదివే కూతురు భవిత ఇంట్లోనే ఉంది. వెంకటముని ఆమెను అంగడికి పిలిపించాడు. గాజు పలకలకని దాచుకున్న పద్దెనిమిదివేలు బల్లమీద పెట్టాడు. అట్టముక్క మీద రాసుకున్న బోర్డు నంబరు ఇచ్చాడు.

"పాపా, ఆ జపాన్ పీసు ఇప్పుడే కొనెయ్యి. కుప్పమ్మతో తరవాత నేను మాట్లాడుకుంటా."

"నాయనా, నీకెందుకు ఇదంతా? రసూల్ మామ ఉండాడు కదా."

"మీ మామ తెల్లారి లేస్తే యెన్‌కు ముద్దులు పెడతా ఉండాడు. నువ్వు నొక్కు."

భవిత సైటు తెరిచింది. "ధర రూపాయల్లో చూపించమంటావా నాయనా?"

"రూపాయి నొక్కొద్దు!" వెంకటముని ఉలిక్కిపడి అరిచాడు. "అమ్మేవోడి లెక్కలోనే నొక్కు!" అరిచి, తన నోటి నుంచి వచ్చిన మాట తనకే వినబడి, నాలుక కరుచుకున్నాడు.

భవిత నవ్వాపుకుని కిందికి జరిపింది. నవ్వు పోయింది. "నాయనా... అమ్ముడుపోయిందంట."

"ఏందీ?"

"ఒకటే ఉండేదంట. ఎవురో కొనేసినారు."

వెంకటముని కూర్చున్నచోటే కూర్చుండిపోయాడు. భవిత ఇంకేదో చూసింది. "ఇంకోటి నాయనా. యెన్ పడలేదే! ఈ పొద్దు యాభైతొమ్మిది ఉండాది. ఈ వారంలో ఒక్క దినం కూడా పడలేదు."

ఇక ఆయన ఆగలేదు. "రసూలూ!" అని ఒక్క కేక పెట్టి, చేతిలో గాజు కోసే వజ్రపు కలం అట్లే పట్టుకుని, గోడ చుట్టి పక్క అంగట్లోకి దూకాడు. తండ్రి చేతిలోని ఆయుధం చూసి భవిత వెంట పరుగెత్తింది.

అక్కడ రసూల్ ఎదురుగా కొరియరువాడు నిలబడి ఉన్నాడు.

"సార్, జపాన్ పార్సిలు. కస్టమ్స్ నాలుగువేల ఏడువందల ముప్పై కట్టాల."

"రవంత మెల్లిగా చెప్పప్పా," అంటున్నాడు రసూల్. అంతలో వెంకటమునిని చూసి పార్సిలును ఒళ్లో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పాడు. ఆ తువ్వాలు కుప్పమ్మది, బోర్డు చుట్టి తెచ్చింది.

వెంకటముని తువ్వాలు లాగాడు. భవిత వంగి చీటీ చదివింది. "ఒసాకా. పోయిన వారం శుక్రవారం పంపించినారు."

కొరియరువాడు డబ్బు తీసుకుని పోయాడు.

"పోయిన వారం శుక్రవారమంటే... ఆమె వచ్చిన పొద్దే కొనేసినావా?"

"ఆమె బస్సు కోట దాటిందో లేదో," అన్నాడు రసూల్ కండ్లద్దాలు తుడుచుకుంటూ.

"యాభయ్యెనిమిదికి?"

"యాభయ్యెనిమిదికి."

"మరి రోజూ పడింది, పడింది అని ఫోన్లు చేస్తివే? పండగంటివి, తుపానంటివి! యెన్ పెరిగిందంట కదా, నా కూతురు చూసినాది!"

రసూల్ తల వంచుకున్నాడు. "జపాన్‌లో పెరిగిందప్పా. మన చంద్రగిరిలో మాత్రం పడింది."

వెంకటముని చేతిలోని వజ్రపు కలం బల్లమీద పెట్టేశాడు.

"పార్సిలు రావడానికి ఎనిమిది దినాలు పడుతుంది," రసూల్ నెమ్మదిగా చెప్పాడు. "అంతలోపల యెన్‌ను ఆమె దగ్గరుండే పద్నాలుగున్నరకు దించాల. దినానికి ఇంత అని దించుకుంటా వచ్చినా. ఒక్కసారిగా దించితే ఆమె నమ్మదు. అయినా మునీ, ఆరేండ్లుగా రేటు గురించి నేను నిజమే చెప్తా ఉండాను. ఆ పేరు ఇట్లాంటప్పుడైనా వాడుకోకపోతే ఇంకెందుకు?"

వెంకటమునికి ఏదో తట్టింది. "భాయ్, పోయినేడు జోయల్ కీబోర్డు ముక్కకు లెక్క తక్కువపడితే, ఆ వారం డాలరు పడిందంటివి..."

"ఆ వారం డాలరుకు నిజంగానే రవంత నలతగా ఉండాది," అన్నాడు రసూల్, మిషను చక్రం వైపు చూస్తూ.

భవిత పకపకా నవ్వింది. వెంకటముని నవ్వలేదు. బయటికి పోయి టీ కొట్టుకు కేకేసి, "ఒక టీ! బై టూ!" అన్నాడు.

మధ్యాహ్నం బస్సుకు కుప్పమ్మ దిగింది. పొద్దున ఆమెకు నలభయ్యెనిమిదని ఫోను పోయింది. రుమాలు మూట విప్పుతూ, బల్లమీద కొత్త బోర్డు చూసి ఆగిపోయింది.

"అన్నా, ఇదేంది?"

"నీ బోర్డేనమ్మా."

"పొద్దున కదా రేటు పడినాది? మద్దేనానికే జపాన్ నుంచి వచ్చేసినాదా?"

రసూల్ కండ్లద్దాలు సర్దుకున్నాడు. ఎనిమిది దినాలుగా యెన్‌ను మెట్టు మెట్టుగా దించినవాడికి ఈ ఒక్క సంగతి తట్టలేదు. "అది... విమానం..." అన్నాడు.

కుప్పమ్మ కండ్లు చిన్నవయ్యాయి. ఆమె వెంకటముని వైపు తిరిగింది. "మునన్నా, నీకు ఈ రేట్ల గోల పట్టదు. నువ్వు సెప్పు. ఏం జరుగుతా ఉండాది ఈడ?"

వెంకటముని జీవితంలో ఏనాడూ రేటు మాట మాట్లాడినవాడు కాదు. గొంతు సవరించుకున్నాడు.

"ఏముందమ్మా, ఈయన పాత గిరాకీ కదా. నమ్మకం మీద ముందే సరుకు పంపించేసినారు. వచ్చిన పొద్దు రేటు ఎంతుంటే అంత కడితే చాలంట. పెద్ద కంపెనీలన్నిట్లో అదే పద్ధతి."

రసూల్ ఆశ్చర్యంగా చూశాడు. ఇంత చక్కటి అబద్ధం ఆయనకే తట్టలేదు.

కుప్పమ్మ ముఖం విచ్చుకుంది. "అట్లనా! అయితే నలభయ్యెనిమిది లెక్కన..."

"నలభయ్యెనిమిది పొద్దున మాటమ్మా!" వెంకటమునికి ఊపు వచ్చేసింది. "నువ్వు బస్సులో ఉండంగా ఇంకా పడింది. నలభయ్యైదు! నేనే చూసినా. టపీమని పడింది!"

రసూల్ స్టూలు మీదినుంచి జారబోయి బల్ల పట్టుకున్నాడు.

"పదమూడువేల ఐదువందలు," అన్నాడు వెంకటముని తాపీగా. "మిగిలిందాంతో దారాలు కొనుక్కో."

కుప్పమ్మ లెక్కపెట్టి ఇచ్చింది, ఒక్క నోటు ఎక్కువా లేదు, తక్కువా లేదు. మిగిలింది రుమాల్లో కట్టుకుంది. ఎవరి దగ్గరా చేయి చాపనట్టే, తల ఎత్తుకుని దారాల అంగడి వైపు పోయింది.

ఆమె మలుపు తిరిగేదాకా ఆగి రసూల్ విరుచుకుపడ్డాడు. "ఎవురు చెప్పమన్నారు నిన్ను నలభయ్యైదని? నేను ఎనిమిది దినాలు కష్టపడి నలభయ్యెనిమిదికి తెస్తే, నువ్వు ఒక్క నోటిమాటతో తొమ్మిదివందలు పడేస్తావా?"

వెంకటముని తన అంగట్లోకి పోయి, తొమ్మిది వందరూపాయల నోట్లు తెచ్చి బల్లమీద పెట్టాడు. "నీ యెన్ నువ్వు పడేసినావు. నా యెన్ నేను పడేసినా."

రసూల్ ఆ నోట్లు తీసుకోనన్నాడు. వెంకటముని తీసుకోవాలన్నాడు. ఇద్దరూ పోట్లాడుకుంటుండగా ఐరాల బస్సుకు టైమైంది. సామాన్ల సంచీ భుజాన వేసుకుని, కుప్పమ్మతో పాటే బస్సెక్కి, రసూల్ ఆమె ఇంటికి పోయి బోర్డు బిగించాడు. చీకటి పడకముందే వెంకటమునికి ఫోను వచ్చింది. ఎత్తితే రసూల్ మాట్లాడలేదు, ఫోనును మిషను దగ్గర పెట్టినట్టున్నాడు. టకటకటకటకమని ఒకటే మోత. వెంకటముని షట్టరు దించడం మరిచిపోయి అట్లే వింటూ నిలబడ్డాడు.

నలభైరెండు రవికలూ పెండ్లిళ్లకు అందాయి. అన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం రసూల్ నమాజుకు పోయి ఉన్నప్పుడు, ఐరాల బస్సులోంచి ముగ్గురు ఆడవాళ్లు దిగి నేరుగా ఆయన అంగడి ముందుకు వచ్చారు. ఒకామె చేతిలో పాడైపోయిన మిషను మోటారు ఉంది. ఆమె పేరు కోమలి. తాళమేసి ఉండడం చూసి పక్క అంగట్లోకి తొంగిచూసింది.

"అన్నా, రేటు రసూల్ అంగడి ఇదేనా? కుప్పమ్మక్క పంపించినాది. ఐరాల్లో, చిత్తూరులో అడిగినాము, రేటు ఎక్కువంట. చంద్రగిరిలో అయితే బాగా పడతాదంట కదా?"

వెంకటముని కోస్తున్న గాజు పక్కన పెట్టాడు. వాళ్ల ముఖాల వైపు చూశాడు, కోమలి గుప్పిట్లో నలిగిన నోట్ల వైపు చూశాడు. తువ్వాలుతో బల్ల దులిపి, ముగ్గురికీ చోటు చూపించాడు.

"పడుతుందమ్మా, కూర్చోండి," అన్నాడు. "ఎంతకు పడాలో చెప్పండి."